ఆనముడి శిఖరాన్ని అలాగే వదిలేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో మున్నార్ మీద వ్యాసం చదివాను. తేయాకు తోటలు, నీలగిరి తార్ మేకలు, 12 ఏళ్లకోసారి పూసే నీలకురింజి, అన్నీ బాగా రాశారు. చివర్లో మాత్రం, ఆనముడి శిఖరం పైకి జనాన్ని ఎక్కనివ్వడం లేదనీ, ట్రెక్కింగ్‌కు తెరిస్తే బాగుంటుందనీ అన్నారు. అది చదివాక మనసు మనసులో లేదు. దయచేసి ఆ కోరిక కోరకండి. అక్కడ ఒక కప్ప ఉంది.

నేను 30 ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. తడిపిన గోనెసంచిలో కప్పల్ని తెచ్చి ఇచ్చేవారు. మైనం పోసిన ట్రేలో వాటి కాళ్లకు గుండుసూదులు గుచ్చడం పిల్లలకు నేర్పింది నేనే. కప్పల తరఫున ఒక్క ఉత్తరమైనా రాయాల్సిన బాధ్యత నాకుంది.

ఆనముడి ఎత్తు 2,695 మీటర్లు, దక్షిణ భారతంలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. ఆ గడ్డి నేలల్లో ఉండే ఈ కప్ప అంగుళానికి అటూ ఇటూ ఉంటుంది. బాగా పండిన కమలాపండు రంగు. ఒంటి మీద ఉబ్బెత్తుగా గ్రంథులు. కాళ్లు పొట్టివి కాబట్టి గెంతడం కన్నా పాకడమే ఎక్కువ. పొట్టి వెదురు పొదల మొదళ్లలో గుడ్లు పెడుతుంది. తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికొస్తుంది. గుడ్లు పెట్టడానికి కప్పకు నీటిగుంట ఉండాలని ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. దీనికి కావలసిన తడంతా పొగమంచు, మట్టీ ఇస్తాయి.

2010లో కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు, ఆయన సహచరులు 'కరెంట్ సైన్స్' పత్రికలో దీన్ని లోకానికి పరిచయం చేశారు. పేరు రావోర్కెస్టిస్ రెస్‌ప్లెండెన్స్. ధగధగలాడేది అని రెండో మాటకు అర్థం. మొదటి మాటలోని 'రావు' సి.ఆర్. నారాయణరావు గారు, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జువాలజీ చెబుతూ దక్షిణాది కప్పల్ని పరిశోధించిన పెద్దాయన. అదే 'కరెంట్ సైన్స్'కు తొలి సంపాదకుడు కూడా ఆయనే. మీరూ సంపాదకులు కదా, ఈ సంగతి మీకు నచ్చుతుందనిపించింది.

కనుగొన్నప్పుడు ఈ కప్ప ఉన్నట్టు తెలిసిన చోటు మొత్తం 3 చదరపు కిలోమీటర్ల లోపే. పొద్దున వాకింగ్‌కు వెళ్లేవాళ్లు గంటన్నరలో చుట్టి రాగలిగేంత జాగా. ఎండలు ముదిరితే కింద కొండల్లోని ప్రాణులు ఇంకాస్త పైకి జరుగుతాయి. శిఖరం మీద ఉన్నది ఎక్కడికి పోతుంది?

కోస్టారికాలోని మోంటెవెర్దె మబ్బు అడవిలోనూ నారింజ రంగు కప్ప ఒకటుండేది. 1987లో 1,500కి పైగా కనబడ్డాయి. 1989లో ఒకే ఒక్క మగది కనబడింది. ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు. అది రక్షణలో ఉన్న అడవే. వాతావరణం పొడిబారడం, చర్మానికి పట్టే ఫంగస్ తెగులు కారణాలని చెబుతారు. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే, కొంతవరకు గాలి పీల్చేదీ దానితోనే. అలాంటి చోటికి మన బూట్ల మట్టి, మన చేతుల దోమల క్రీము మోసుకెళ్లాలా?

రెండేళ్ల కిందట శబరిమల నుంచి తిరిగొస్తూ మావారితో రాజమలై వెళ్లాను, ఆనముడి ఉన్న ఎరవికులం నేషనల్ పార్కులో సందర్శకుల్ని రానిచ్చే చోటు అది. మంచులో ఆనముడి కనబడలేదు. ముందు నడుస్తున్న కుర్రాడు చిప్స్ ప్యాకెట్ గడ్డిలోకి విసిరేస్తే వంగి తీశాను. మణికట్టు దాకా తడిసిపోయింది. నాలుగు రోజులుగా చినుకు లేదని డ్రైవర్ అప్పుడే చెప్పాడు. ఆ నీళ్లన్నీ మంచువే. ఆ గడ్డి మొదళ్లను వందల మంది తొక్కితే ఆ తడి నిలుస్తుందా అండీ?

తార్ మేకలు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చిలో పార్కు మూస్తే ఎవరూ నొచ్చుకోరు. ఈ కప్ప గురించి రెండు ముక్కలు రాస్తే శిఖరం ఎందుకు మూసి ఉంచాలో కూడా పాఠకులు అర్థం చేసుకుంటారు. వచ్చే వారం పిల్లల పేజీలో కాస్త చోటివ్వండి. ఫొటో వేస్తే మాత్రం రంగుల్లోనే వేయండి, నలుపు తెలుపులో దాని అందం తెలియదు.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు,
తెనాలి.