రెండు ప్రింటర్లలోనూ సీరియల్ నంబర్ లేదు: ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. చిక్కడపల్లిలో మాది చిన్న టిఫిన్ సెంటర్. మూడు నెలల క్రితం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో మీ కంపెనీ థర్మల్ ప్రింటర్లు రెండు, ఒకే మోడల్‌వి, కొన్నాను. ఒకటి కౌంటర్‌లో బిల్లులకు, ఇంకొకటి వెనకే ఉన్న వంటగది కిటికీ దగ్గర ఆర్డర్ చీటీలకు. రెండూ ఒకే కంప్యూటర్‌కు యూఎస్‌బీ వైర్లతో కలిపాం.

పోయిన ఆదివారం పొద్దున బల్ల తుడిచిన కుర్రాడు వైర్లు తీసి, మళ్లీ పెట్టేటప్పుడు ఒకదాని చోట ఇంకొకటి పెట్టాడు. ఎనిమిది గంటల రద్దీలో బిల్లులన్నీ వంట మాస్టర్ దగ్గర, పెసరట్టు, ఇడ్లీ ఆర్డర్లన్నీ నా ముందు పడ్డాయి. చూసి చూసి కొందరు వెళ్లిపోయారు. ఏమైందో తెలీక ఒకదాన్ని వేరే పోర్టులో పెడితే అది ‘కాపీ 1’ అని కొత్త ప్రింటర్‌లా వచ్చింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాత పేరుకే పంపుతోంది, అదేమో ‘ఆఫ్‌లైన్’.

మీ వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేశాను. డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేయమన్నారు, వైరు మార్చమన్నారు, చివరికి ‘అది విండోస్ ప్రాబ్లం సార్’ అన్నారు.

కాదండీ. మా తమ్ముడూ నేనూ కూర్చుని విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో చూశాం. యూఎస్‌బీ పరికరం ఏది పెట్టినా, నువ్వెవరని కంప్యూటర్ అడుగుతుంది. వచ్చే 18 బైట్ల జవాబులో కంపెనీ నంబర్, మోడల్ నంబర్ ఉంటాయి. ఏ డ్రైవర్ వేయాలో వాటితో తెలుస్తుంది. ఒకే మోడల్‌వి రెండుంటే ఏది ఏదో చెప్పాల్సింది సీరియల్ నంబర్. అది లేకపోతే విండోస్ పోర్టును బట్టి గుర్తు పెట్టుకుంటుంది. మీ ప్రింటర్లు రెండింటికీ ఆ నంబర్ ఉండాల్సిన చోట, మధ్యలో & గుర్తులతో, విండోస్ సొంతంగా పెట్టుకున్న అక్షరాలే ఉన్నాయి. మా పాత పెన్‌డ్రైవ్ ఏ పోర్టులో పెట్టినా తన నంబరే చూపించింది.

మీ ప్రింటర్ల వెనక స్టిక్కర్ల మీద మాత్రం వేర్వేరు సీరియల్ నంబర్లున్నాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ నన్ను అదే అడిగారు. మీ వారంటీకి కావాల్సిన నంబర్ అచ్చు వేసి, నా కంప్యూటర్‌కు కావాల్సింది లోపల ఎందుకు పెట్టలేదు? ప్రింటర్లకు అది తప్పనిసరని యూఎస్‌బీ నిబంధనల్లో లేదు, ఒప్పుకుంటాను. కానీ హోటళ్లకని అమ్మేటప్పుడు ఒక కంప్యూటర్‌కు రెండు పెడతారని మీకు తెలియదా?

ప్రస్తుతానికి పోర్టుల పక్కన ‘బిల్లు’, ‘వంట’ అని రాసి టేపు వేశాను. రోజూ షాపు తెరిచేటప్పుడు అదే టెన్షన్.

స్టిక్కర్ మీది నంబరే లోపలా చూపించేలా ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇవ్వండి. కుదరకపోతే రెండు ప్రింటర్లూ మార్చండి. 15 రోజుల్లో ఈ విషయం తెలిసిన ఇంజనీర్‌తో జవాబు ఇప్పించండి. లేదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను. బిల్లుల కాపీలు, స్క్రీన్ ఫొటోలు జత చేశాను.

ఇట్లు,
టిఫిన్ సెంటర్ యజమాని,
చిక్కడపల్లి, హైదరాబాద్