కూబర్ పీడీ దారిలో మమ్మల్ని ఆదుకున్నవాళ్లకు

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా నుంచి హైదరాబాద్ వచ్చి ఇల్లు సర్దుకున్నాక ఇప్పటికి తీరిక దొరికింది. అక్కడ ఎడారి మధ్యలో మా కారవాన్ (కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు) ఆగిపోయినప్పుడు సాయం చేసినవాళ్లలో చాలామంది థాంక్స్ చెప్పేలోపే వెళ్లిపోయారు. కొందరి పేర్లు కూడా తెలియవు. అందుకని ఎవరు ఏం చేశారో చెప్పి, అందరి ముందూ దండం పెట్టుకుంటున్నాను.

జూలైలో అక్కడ చలికాలం. అడిలైడ్‌లో ఉండే మా అమ్మాయి, అల్లుడు, మనవరాలితో కలిసి, కారుకు అద్దె కారవాన్ తగిలించుకుని కూబర్ పీడీకి బయల్దేరాం. 850 కిలోమీటర్ల దూరం. ఓపల్ అనే రంగురాళ్ల గనుల ఊరు అది. మావారు సింగరేణిలో సర్వేయర్‌గా రిటైరయ్యారు. ఎక్కడైనా గని ఉందంటే చూడకుండా ఆ మనిషి వెనక్కి రారు.

పోర్ట్ అగస్టా దాటాక చెట్లు పొట్టివైపోతాయి. ఎర్రమట్టి, మధ్యలో తెల్లగా ఉప్పు సరస్సులు. గ్లెండాంబోలో పెట్రోల్ పోయించుకుంటే మళ్లీ బంకు కూబర్ పీడీలోనే, సుమారు 250 కిలోమీటర్ల తర్వాత. ఆ మధ్యలో మా ఫోన్లకు సిగ్నల్ లేదు. అక్కడే వెనక ఒక కారు ఆపకుండా హెడ్‌లైట్లు కొట్టడం మొదలుపెట్టింది. దారిస్తే ముందుకు పోదు. ఆపి దిగితే, కారవాన్ ఎడమ చక్రం దగ్గర పొగ! బేరింగ్ పట్టేసింది.

ఆ కారులో డెబ్బై దాటిన దంపతులు, వాళ్లు కూడా కారవాన్‌తోనే తిరుగుతున్నారు. పెద్దాయన జాకీ వేసి, చక్రం తిప్పి చూసి, ఇక అంగుళం కూడా కదపొద్దన్నారు. వాళ్ల కారులో రేడియో ఉంది. అక్కడి లారీవాళ్లంతా 40వ ఛానెల్‌లో మాట్లాడుకుంటారట. పిలవగానే కూబర్ పీడీ వైపు వెళ్తున్న రోడ్ ట్రెయిన్ డ్రైవర్ ఒకాయన పలికారు. అంటే ఒకే ఇంజన్‌కు మూడు ట్రెయిలర్లు కట్టిన లారీ, 50 మీటర్లు పైనే ఉంటుంది. పక్కనుంచి పోతుంటే గాలికి మా కారవాన్ ఊగిపోయింది. అది ఎక్కడంటే అక్కడ ఆగే బండి కాదు. ఊళ్లోకి వెళ్లగానే గ్యారేజీకి చెప్తానన్నారు, అన్నట్టే చెప్పారు. ఆయన ముఖం మేం చూడలేదు, గొంతు మాత్రమే విన్నాం.

గ్యారేజీ ట్రక్కు వచ్చేదాకా ఆ దంపతులు కదల్లేదు. ఆ దారిలో మేము ఆగి ఉన్నంతసేపూ ప్రతి బండీ నెమ్మదించి, బాగానే ఉన్నారా అని అడిగే పోయింది. మన ఔటర్ మీద ఆగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఆ సైజు బేరింగ్ ఊళ్లో దొరకలేదు. అల్లుడి ఆఫీసులో కొత్తగా చేరిన హనుమకొండ అబ్బాయి అడిలైడ్‌లో నాలుగు షాపులు తిరిగి కొని, కూబర్ పీడీ మీదుగా ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లే రాత్రి బస్సులో పెట్టించాడు. నాయనా, మీ అమ్మగారి నంబరు తీసుకున్నాను, వచ్చే ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాం.

ఈలోగా గ్యారేజీ ఆయన స్నేహితుడొకరు, పాత ఓపల్ గనికార్మికుడు, తన ఇంట్లో ఉండమన్నారు. ఇల్లంటే కొండలోకి తొలిచిన గదులు. ఎండాకాలం బయట 45 డిగ్రీలు దాటినా లోపల 23, 25 దగ్గరే ఉంటుందట. మావారు ముందు చేసిన పని కప్పు మీద వేళ్లతో కొట్టి చప్పుడు వినడం! దిమ్మె లేదు, సపోర్టు లేదు అని ఒకటే గొణుగుడు. ఇసుకరాయి గట్టిది, తనను తనే మోసుకుంటుందని ఆ పెద్దాయన చెప్పాక గానీ పడుకోలేదు. 1915లో అక్కడ మొదటి ఓపల్ దొరికింది పద్నాలుగేళ్ల కుర్రాడికని ఆయనే చెప్పారు. తండ్రి బృందంతో బంగారం వెతకడానికి వచ్చాడట. మా మనవరాలు అప్పట్నుంచి కనిపించిన ప్రతి రాయీ ఏరడమే. ఊరి చుట్టూ మూత లేని గుంతలు వేలల్లో ఉన్నాయి, వెనక్కి నడవొద్దని బోర్డులు కూడా పెట్టారు. మనవరాలిని చెయ్యి వదలకుండా తిప్పింది ఆ ఇంటావిడే.

ఇక సైనిక్‌పురిలో. ఆ రోజు మా ఫోన్ రాకపోయేసరికి ఇంట్లో ఉన్న అత్తయ్యకు టెన్షన్‌తో బీపీ పెరిగింది. కింది ఫ్లాట్ వదిన రాత్రంతా ఆవిడ పక్కనే కూర్చుంది. వాళ్లబ్బాయి మ్యాపు తెరిచి, ఇక్కడ సిగ్నల్ ఉండదు నానమ్మా, భయం లేదని గంటసేపు నచ్చజెప్పాడట. మాకు ఈ సంగతి చెప్పనేలేదు వదినా, అత్తయ్య చెబితేనే తెలిసింది.

మా అమ్మాయి దీన్ని ఇంగ్లీషులోకి మార్చి గ్యారేజీకి పంపుతుంది, గోడకు అంటిస్తామన్నారు. ఆ డ్రైవర్ ఎప్పుడైనా డీజిల్ కోసం ఆగితే చదువుతారేమో.

అటు వెళ్లాలనుకునేవాళ్లు రేడియో ఉన్న బండి తీసుకోండి, నీళ్లు ఎక్కువే పెట్టుకోండి. మిగతా వివరాలు అడిగితే అల్లుడి చేత చెప్పిస్తాను. ఓపల్ ధరలు మాత్రం అడగొద్దు, నేను కొన్న కమ్మల సంగతి మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.