గోరింట కంచె పంచాయితీ

ఒరేయ్ మామా,

ఎట్లుండావు? మొన్న ఫోన్లో "మీ పక్కింటి కంచె కథ ఏమాయరా" అని అడిగితివి, నేనేమో బస్సులో ఉంటి, ఏం చెప్పేకి కాలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చోని రాస్తాండా, పొడుగైతే తిట్టుకోవాకు.

మా పడమర పక్క ఇల్లు తెలుసు కదా, ఆయప్ప కువైట్‌లో డ్రైవర్, ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే, వీధంతా అవ్వా అనే పిలుస్తాం. రెండిండ్ల మధ్యన మా నాయన నిలబెట్టిన కడప బండలు, ఆ బండలకు అవతల పక్క అవ్వ నాటిన గోరింట. ముందు బాగనే ఉండె, ఆయప్ప సెలవుకొచ్చినప్పుడల్లా కత్తిరించి పోయేవాడు, ఈ మధ్య రాకపాయె, ఇంక అది మా మిద్దె మెట్ల ఎత్తుకు లేసినాది. గోరింట అంటే చేతికి పెట్టుకునే మెత్తని ఆకే అనుకుంటాం గానీ, ముదిరితే కొమ్మల కొసలు ముండ్లైపోతాయి రా. మా ఆమె దండెం మీది చీర లాగితే చెంగు సర్రున చినిగినాది, ఆ పొద్దు నుంచి ఇంట్లో నాకు అన్నంతో పాటు కంచె పురాణమే. దానికి తోడు కాగితం పూల తీగ ఒకటి అందులో నుంచే పాక్కుంటా పోయి కరెంటు వైర్లకు చుట్టుకున్నాది, గాలి లేస్తే చిటపటమని నిప్పురవ్వలు, పిల్లోళ్ళు తిరిగే జాగా అది.

పోయి అవ్వనడిగితే ఏమన్నాదో తెలుసునా? "ఆకు మీద చెయ్యేస్తే ఊరుకోను, ఆషాడం ముందర పెట్టుకోని కొడతావా, వీధిలో ఆడపిల్లోళ్ళంతా నా కాడికే వస్తారు, రంజానుకు ఆ పక్క వీధి పిల్లోళ్ళు కూడా ఈడికే వస్తారు" అని. అంతటితో ఆగిందా, "ముందు నువ్వు నీ బండలు తియ్యి, అవి మా జాగాలో ఉండాయి" అనేసె!

నాకు కాలి పోయి మా లాయర్ బావ కాడికి పోతి. ఆయన చెప్పింది ఏందంటే, మన హద్దు దాటి వచ్చిన కొమ్మ మన వైపు నుంచే హద్దు వరకు కొట్టుకోవచ్చు, వాళ్ళ జాగాలో కాలు పెట్టకూడదు, చెట్టు చచ్చేట్టు చేయకూడదు, ముందుగా ఒక మాట చెప్పి కొట్టడం మంచిది అని. "ఏండ్ల నుంచి కొమ్మలు మా వైపే వాలినాయి కదా, రేపు హక్కంటే?" అంటే నవ్వినాడు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో 20 ఏండ్లు వాడుకుంటే దారికి, వెలుతురుకు హక్కు వస్తాదంట గానీ వాలిన కొమ్మలకు ఆ హక్కు రాదంట. సరే, బండల సంగతి కూడా తేల్చుకుందామని ఇంటికొచ్చి మా నాయన దస్తావేజు తీసి, చెక్కుబందీ, అంటే నాలుగు పక్కల హద్దులు రాసినది చూసి, టేపు పట్టుకోని రోడ్డు కాడి నుంచి కొలిస్తి.

ఇప్పుడు విను అసలు సంగతి. బండలు వాళ్ళ జాగాలో ల్యావు, మా జాగాలోనే అర అడుగు లోపలికి ఉండాయి. మా నాయన బయటి పక్క సున్నం కొట్టుకునేకి వదిలినట్టుండాడు. అవ్వ గోరింట నాటింది సరిగ్గా ఆ అర అడుగులోనే! బావకు చెప్తే "చెట్టు మొదలు నీ జాగాలో ఉంటే చెట్టే నీది పోరా, సర్వేయర్‌ను పిలిపిద్దామా" అని ఎగిరినాడు. నేను వద్దంటి. ఆ మాట ఎత్తినామంటే 1923 నాటి సర్వే చట్టం, అర్జీ, నోటీసు, రాళ్ళు పాతడం, ఆయప్ప కువైట్ నుంచి ఉరికి రావడం, అర అడుగు కోసం ఆ ముసలామెతో జీవితాంతం మొగం చాటేసుకోవల్ల. దస్తావేజు మళ్ళా బీరువాలో పెట్టేస్తి, మా ఆమెకు కూడా చెప్పలే. నువ్వూ నోరు మూసుకోని ఉండు.

మా తోటమాలి తాత ఒక మాట చెప్పినాడు, ముదురు ఆకు అంతగా పండదు, లేత చిగురే బాగా ఎర్రగా పండుతాది అని. అదే పట్టుకోని అవ్వ కాడికి పోతి. "అవ్వా, ఇది ఇట్లనే ఉంటే ఆషాడానికి ముదురాకే మిగులుతాది, మృగశిర కార్తెలో వాన పడంగానే కొట్టిస్తే నెల తిరిగేసరికి ఎర్ర చిగురు" అంటి. ఆమె ఒక రెమ్మ తుంచి, గోరుతో నలిపి, మునివేళ్ళు చూసుకోని, "రోహిణి ఎండలో మాత్రం వద్దు నాయనా, మాడి చస్తాది" అన్నాది. రోళ్ళు పగిలే ఎండల్లో నేను మాత్రం యాడ కొట్టిస్తా? అట్ల ఒప్పుకున్నాది. కొడుకు ఐమో వీడియో కాల్లో వచ్చి "అన్నా, అమ్మ సరే అంటే సరే, కూలీ సగం నేను పంపిస్తా" అనె. ఫోన్‌పేలో సగం కన్నా కొంచెం తక్కువే వచ్చినాది, అడగలే.

లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ, అదే లైన్‌లో కరెంటు ఆపే అనుమతి, తీసుకునేదాకా కూలోళ్ళను కత్తి పట్టనీయలే. కరెంటు తీసేసరికి ఉక్కకు వీధంతా నన్నే తిట్టుకున్నారనుకో. వైర్ల మీది తీగను దోటితో లాగి మొదలంటా పెరికించేస్తిమి. గోరింట కాడ మాత్రం అవ్వ కట్టె పట్టుకోని నిలబడి "ఆ రెమ్మ వద్దురా, దాని జోలికి పోవాకు" అని కూలోళ్ళను సావగొట్టినాది. కడాకు ఆమె గుండెల ఎత్తుకు తెగినాది, మాకూ అది చాలు. ఇప్పుడు చిగురు బాగా వస్తాండాది, మా ఆమె కూడా పొద్దన్నే పోయి చూసొస్తాండాది, చీర సంగతి మర్సిపోయినట్టుండాది.

ఇంగో పని పడినాది రా. కంచె తగ్గినాక చూస్తే వేర్లకు రెండు బండలు మా వైపుకు ఒరిగినాయి, ఒకదానికి నెర్రె కూడా. మీ బామ్మర్దికి ఎర్రగుంట్ల పక్క బండల వ్యాపారం ఉండాదంటివి కదా, ఆరడుగుల బండలు రెండు ఏ రేటుకు ఇస్తాడో కనుక్కో, ఆటో కిరాయి నాదే. అట్లనే మన చెల్లెమ్మను అడిగినానని చెప్పు, ఆకు కావాలంటే చెప్పమను, కొరియర్‌లో అయితే వాడిపోతాది, ఎండబెట్టి పొడి చేసి పంపిస్తా.

ఉంటా మరి, రేటు సంగతి మాత్రం తొందరగా చెప్పు.

నీ మామ