శనివారం పడవ ప్రయాణం: వచ్చేవాళ్లందరూ చదవండి

అందరికీ నమస్కారం. ఉదయం 8 గంటలకల్లా ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న థ్రప్ ఊళ్లో ఉండండి. ఆక్స్‌ఫర్డ్ కాలవ మీద బయల్దేరి, డ్యూక్స్ కట్ అనే చిన్న కాలవ గుండా థేమ్స్ నదిలోకి వెళ్తాం. కింగ్స్ లాకు, గాడ్‌స్టో లాకు దాటి ఆక్స్‌ఫర్డ్ ఊళ్లోకి, అక్కడ ఐసిస్ లాకు గుండా మళ్లీ కాలవలోకి, చీకటి పడేలోపు వెనక్కి.

కాలవ మీద గంటకు 4 మైళ్లు దాటకూడదు. ఒడ్డున కట్టేసిన పడవలు కనిపిస్తే ఇంకా తగ్గించాలి, లేకపోతే మన అల వాళ్ల తాళ్లని లాగేస్తుంది. చుక్కాని కర్రని ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, కాసేపట్లో అలవాటైపోతుంది. ఎదురుగా పడవ వస్తే మనం మన కుడివైపుకి జరగాలి.

లాకుల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. నీళ్లు దిగుతున్నప్పుడు పడవ వెనక భాగం పై తలుపు దగ్గరున్న రాతి అంచు మీద ఆగిపోతే ముందు భాగం మునిగిపోతుంది. నడిపేవాళ్లు ముందుకే ఉంచాలి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కళ్లు దాని మీదే పెట్టాలి. విండ్‌లాస్‌ని, అంటే లాకు నీటి తూములు తిప్పే పిడిని, ఇరుసుకి తగిలించి వదిలేయొద్దు. పిల్లలకి లైఫ్ జాకెట్లు తప్పనిసరి, బావగారూ, మీ ఇద్దరు పిల్లల కొలతలు ఇవాళే పంపండి.

నదిలో లాకుల దగ్గర ఎర్ర బోర్డు కనిపిస్తే ప్రవాహం ఉధృతంగా ఉందని అర్థం. అప్పుడు నదిలోకి దిగం, కాలవ మీదే తిరుగుదాం, దీని మీద ఎవరూ పట్టుబట్టొద్దు. బోర్డు లేకపోతే పోర్ట్ మెడో పచ్చిక మైదానం పక్కన నెమ్మదిగా పోదాం. ఎండ కాస్తే ఆవులు, గుర్రాలు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉంటాయి, చాలా బాగుంటుంది. పులిహోర నేను తెస్తాను. పెరుగు అక్క తెస్తానంది. మిగతావి రాత్రికి చెప్పండి.