ఎండ చూసి నీళ్లను అంచనా వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

పడవ షికార్ల సీజన్ చివర్లో సద్దుమణిగిన సరస్సు, దాని మీద ఒక చిన్న పడవ. పత్రికల్లో ఇలాంటి ఫొటోలు చూడముచ్చటగా ఉంటాయి. కాస్త దగ్గరగా చూస్తే మాత్రం చాలావాటిలో పడవలోని మనిషి లైఫ్ జాకెట్ తొడుక్కుని ఉండడు. దాన్ని మడిచి కింద వేసుకుని దిండులా కూర్చుంటాడు. నీళ్లు కదలడం లేదు కదా, ఒడ్డు కనిపిస్తోంది కదా అన్న ధీమా. ఏడాది మొత్తంలో ఆ ధీమా పనికిరాని రోజులు సరిగ్గా ఇవే.

ముందు నీళ్ల సంగతి. చలి మొదలయ్యాక సరస్సు పైపొర చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. కింది నీరు పైకొస్తుంది. నీటికి అన్నిటికన్నా ఎక్కువ బరువు 4 డిగ్రీల దగ్గర కాబట్టి అంతదాకా ఈ కలగలుపు సాగుతూనే ఉంటుంది. వేసవిలో ఈతకు హాయిగా ఉండే వెచ్చటి పైపొర ఇక మిగలదు. తర్వాత రెండ్రోజులు ఎండ కాసి గాలి 18 డిగ్రీలకు చేరినా నీళ్లు 9, 10 దగ్గరే ఉండిపోవచ్చు. చెయ్యి ముంచి చూడటం కొలత కాదు. చిన్న డబ్బాలో థర్మామీటర్ నిలబెట్టి కట్టి, తాడుతో మూరెడు లోతుకు దించి, మూడు నిమిషాలు ఉంచాలి. పైకి తీశాక డబ్బాలో నీళ్లు ఒంపకుండానే చదవాలి. ఉత్త థర్మామీటర్‌ను లాగితే తడి గొట్టానికి గాలి తగిలి, చూస్తుండగానే అంకె మారిపోతుంది.

నీళ్లు 15 డిగ్రీల లోపు ఉంటే ఈత వచ్చా రాదా అన్నది రెండో ప్రశ్న. పడీ పడగానే ఊపిరి దానంతటదే గుటుక్కున లోపలికి పోతుంది, ఆపుకోవడం మన చేతిలో ఉండదు. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే లోపలికి వెళ్లేది గాలి కాదు. నీళ్ల మీద రక్షణ పనిచేసేవాళ్లు దీనికి 1-10-1 అని ఒక లెక్క చెబుతారు: శ్వాస అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ పనికొచ్చేలా ఆడేది 10 నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. గడ్డకట్టేంత చల్లటి నీళ్లకు వేసిన లెక్క ఇది. కొంచెం వెచ్చగా ఉంటే కాస్త పెరుగుతుంది. ఆ గంట దక్కేది జాకెట్ ఒంటిమీద ఉన్నవాళ్లకే. పడ్డాక నీళ్లలో తొడుక్కుందామంటే బకిల్ పెట్టడానికి వేళ్లు మాట వినవు.

తొడుక్కోవడంలోనూ సీజన్ చివర్లో ఒక తిరకాసు ఉంది. వేసవిలో పల్చటి చొక్కా మీద బిగించిన పట్టీలు మందపాటి కోటు మీద సరిపోవు. గట్టు మీద హడావిడిలో ఎవరూ సర్దరు. జిప్పు తెరిచే వదిలేస్తారు. ముందురోజే ఇంట్లో కోటు వేసుకుని, పట్టీలు సరిచేసి, ఇంకొకరిని రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనాలి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే వదులు. లోపల ఉన్ని బట్టలు మేలు. నూలు బట్టలు, ముఖ్యంగా జీన్స్, తడిస్తే ఒంటి వేడిని పీల్చేస్తాయి.

ఇక ఇంజన్. సీజన్ చివరి షికార్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. వేసవి నుంచి ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటే అది తేమను పీలుస్తుంది. మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి చేరతాయి, ఇంజన్‌కు వెళ్లే గొట్టం సరిగ్గా ఆ అడుగు నుంచే పీలుస్తుంది. పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోయడం తప్ప దీనికి మందు లేదు. ఇంజన్ చక్కగా అందుకుని, మూడు నాలుగు నిమిషాలు ఆడి, నీరసంగా ఆగిపోయిందనుకోండి. స్పార్క్ ప్లగ్ ఊడదీసే ముందు ట్యాంకు మూత మీద గాలి లోపలికి వెళ్లనిచ్చే చిన్న స్క్రూను చూడండి. అది బిగించి ఉంటే లోపల శూన్యం ఏర్పడి పెట్రోల్ రాదు. గట్టుకు కట్టేసి ఉండగానే ఇంజన్‌ను పది నిమిషాలు ఆడించాలని చెప్పేది ఇందుకే.

ఇంజన్‌ను చల్లబరిచి వెనక నుంచి సన్నగా చిమ్మే నీటిధార మీద ఒక కన్ను ఉండాలి. ఈ రోజుల్లో రాలిన ఆకులూ కుళ్లిన నాచూ నీళ్లు పీల్చే జాలీకి అతుక్కుంటాయి. ధార సన్నబడగానే ఇంజన్ ఆపి, పైకెత్తి, ఆకులు తీసేయాలి. ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం అనుకుంటే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం కాలుతుంది. నీటిమట్టం తగ్గిన చోట్ల మొన్నటిదాకా లోతున ఉన్న మొద్దులూ రాళ్లూ ప్రొపెల్లర్‌కు అందుతాయి. అది దేనికైనా తగిలితే గేర్లు పాడవకుండా, ప్రొపెల్లర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే షియర్ పిన్ అనే చిన్న చీల విరుగుతుంది. విరగడమే దాని పని. పడవలో ఇంకోటి, దాంతోపాటు పటకారు లేకపోతే తెడ్డే గతి. బ్యాటరీ మోటారైతే ఇంకో సంగతి: సున్నా డిగ్రీల దగ్గర లెడ్-యాసిడ్ బ్యాటరీ తన సత్తాలో దాదాపు ఐదో వంతు పోగొట్టుకుంటుంది. పెట్రోల్ విషయంలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది అక్కరకు అన్నది పాత లెక్కే అయినా సరైన లెక్క.

పడవ అడుగున నీళ్లు వదిలే బిరడా గురించి చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది, కానీ బాగా అనుభవం ఉన్నవాళ్లే దాన్ని మరిచిపోతారు. ఇంట్లో పడవ ఆరబెట్టడానికి తీస్తారు, నీళ్లలోకి తోశాక గుర్తొస్తుంది. తీసిన బిరడాను ఇంజన్ కిల్ స్విచ్ (మనిషి పడిపోతే ఇంజన్‌ను ఆపేసేది) తాడుకే కట్టేస్తే తగువు లేదు.

బయల్దేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లాలి, అలసిపోయాక గాలివాలున తిరిగి రావచ్చు. పొద్దున్నే నీళ్ల మీద పొగలా లేచే మంచు కరిగేదాకా ఆగాలి. అడ్డంగా సరస్సు దాటాల్సిన పనేమీ లేదు, గట్టు వెంబడే చాలు. సూర్యాస్తమయానికి గంట ముందు ఒడ్డున ఉండాలి. లంగరు వేస్తే తాడు ఎప్పుడూ పడవ ముక్కుకే కట్టాలి, 5 మీటర్ల లోతుకు 25 మీటర్ల తాడు వదలాలి. వెనక కడితే ఇంజన్ బరువుకు ముందే కిందికి ఉన్న ఆ అంచు మీదుగా చిన్న అల కూడా లోపలికి వస్తుంది.

తిరగబడితే పడవను వదలకూడదు. ఒడ్డు దగ్గరే కనిపిస్తున్నా సరే. బోర్లాపడ్డ పడవ మీదికి ఒంట్లో ఎంత భాగం చేర్చగలిగితే అంత చేర్చాలి, ఎందుకంటే నీళ్లు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. కాలు మోపడానికి తాడుతో ఒక ఉచ్చు ముందే వెనక అంచుకు కట్టి ఉంచితే తిరిగి ఎక్కడం సాధ్యమవుతుంది. చేతుల బలంతో ఎక్కగలమని అనుకునేవాళ్లు వేసవిలోనే ఒకసారి ప్రయత్నించి చూడటం మంచిది. ఫోన్ నీళ్లు దిగని సంచిలో ఒంటికి కట్టి ఉండాలి, బ్యాగులో కాదు. తడి వేళ్లకు తెర స్పందించదు కాబట్టి జాకెట్‌కు ఒక ఈల కూడా ఉండాలి. అయితే ఆ ఈల వినడానికి ఈ రోజుల్లో సరస్సు మీద ఇంకో పడవ ఉండదు. అందుకే ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్ని గంటలకు తిరిగొస్తామో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఒడ్డున ఒక మనిషికి ఇచ్చి వెళ్లాలి.

ఇక మీకు నా మనవి ఒక్కటే. ఈసారి సరస్సు ఫొటో వేసేటప్పుడు జాకెట్ తొడుక్కుని జిప్పు పెట్టుకున్న మనిషి ఉన్నది ఎంచుకోండి. కింద రాసే వాక్యంలో గాలి ఉష్ణోగ్రతతోపాటు నీటి ఉష్ణోగ్రత కూడా వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు