ఆ తాళం తీయించండి సార్: కమ్యూనిటీ హాళ్లు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మరమ్మతులకని తాళం వేసిన మా డివిజన్ కమ్యూనిటీ హాలు సంగతి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఫైలు మీ దగ్గరే ఉందని మీ కింది వాళ్లంతా ముక్తకంఠంతో చెప్తున్నారు. వాళ్లందరికీ కుదిరిన మాట అదొక్కటే. అర్జీలు ఇచ్చాం, సోమవారం లైన్లో నిలబడి ఇచ్చాం, రశీదులూ తీసుకున్నాం. తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. మా ట్రెజరర్ గారు డెబ్బై దాటిన మనిషి, అది నిజమే అనుకుని ఆ సాయంత్రం హాలు దగ్గరికి పోయి చూసొచ్చారు. తాళం ఎక్కడిదక్కడే ఉంది, తుప్పు మాత్రం కాస్త పెరిగిందట. మాకు కనపడని పరిష్కారం ఏదైనా మీకు కనపడి ఉంటే దయచేసి ఒక ఫొటో తీసి పంపించండి, మేమూ చూసి సంతోషిస్తాం.

మాది రోటరీ కాదు, లయన్సూ కాదు. హోటల్లో ఏసీ హాలు తీసుకుని మీటింగ్ పెట్టుకునే స్తోమత లేదు. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించుకున్న చిన్న సేవా సంఘం. రిటైరైన టీచర్లు, ఆటోనగర్ మెకానిక్కులు, మందుల షాపాయన, ఇద్దరు ఎల్ఐసీ ఏజెంట్లు, బ్లౌజులు కుట్టే ఒకావిడ, అంతే మేం. గురువారం సాయంత్రం ఆరున్నరకి కూర్చుంటాం, ఎనిమిదికల్లా లేస్తాం. ఆలస్యంగా వచ్చినవాళ్లు డబ్బాలో పది రూపాయలు వేయాలి, ఆ డబ్బాలోంచే టీ ఖర్చు. "పెద్దవాళ్లకి కాలక్షేపం కావాలిగా" అని మీ ఆఫీసులో ఒకాయన నవ్వాడు. కాలక్షేపానికైతే ఇంట్లో టీవీ ఉంది సార్, ఎండన పడి మీ ఆఫీసు మెట్లు ఎక్కక్కర్లేదు.

వారం వారం ఎందుకు, వాట్సాప్ గ్రూపు ఉందిగా అని ఇంకొకాయన సలహా ఇచ్చాడు. ఉంది. అందులో గుడ్ మార్నింగులు వస్తాయి, రక్తం ఇచ్చేవాళ్లు రారు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వచ్చు. ఎవరికి గడువు తీరింది, ఎవరికి హిమోగ్లోబిన్ 12.5 కన్నా తగ్గి పోయినసారి వెనక్కి పంపారు, ఎవరు ఊళ్లో లేరు, ఇదంతా రిజిస్టర్ ముందు పెట్టుకుని నలుగురు కూర్చుంటేనే తేలుతుంది. మా దగ్గర వాకర్ తీసుకెళ్లినాయన తిరిగి ఇచ్చాడా, ఇవ్వకపోతే ఇంకా లేవలేకనా, బద్ధకమా, ఎవరెళ్లి కనుక్కుంటారు, ఇదీ అక్కడే తేలాలి. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో రోటరీ మొదలుపెట్టినప్పుడు వాళ్లకీ సొంత హాలు లేదట, ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో కూర్చునేవాళ్లట. వాళ్లు ఇష్టపడి తిరిగారు, మమ్మల్ని మీరు తిప్పుతున్నారు. టిఫిన్ హోటల్ మేడ మీద కూర్చుంటే ఓనరు కుర్చీకి ఒక ప్లేటు ఇడ్లీ అయినా ఆర్డర్ ఇవ్వమన్నాడు, అతని వ్యాపారం అతనిది. గుడి మండపంలో కూర్చుంటే హారతి టైముకి లేవమన్నారు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రెండు కార్ల మధ్య, దోమలతో సహా సమావేశమవుతున్నాం. మినిట్స్ రాసేటప్పుడు ఎవరో కారు తీయడానికి వస్తారు, అందరం కుర్చీలు ఎత్తుకుని గోడకి అంటుకుంటాం.

ఇదంతా సర్దుకుంటాం సార్. ప్రభుత్వ ఆస్తి, మీ ఇష్టం. కానీ మా సామాను లోపల ఉండిపోయింది. అసలు బాధ అక్కడ.

హాలు వెనక గదిలో శవాన్ని ఉంచే మా ఫ్రీజర్ బాక్స్ ఉంది, వీల్‌చైర్లు ఉన్నాయి, వాకర్లు, కమోడ్ కుర్చీలు, ఆక్సిజన్ మెషీన్ ఉన్నాయి. అన్నీ దాతలు ఇచ్చినవే. మరమ్మతులకని తాళం వేసిన రోజు, వారంలో తెరుస్తాం, సామాను కదపక్కర్లేదు అని మీ వాళ్లే చెప్పారు. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. మరమ్మతు అంటే బయట గోడకి రంగు వేశారు, బోర్డు మీద అక్షరాలు కొత్తగా రాయించారు, బాగున్నాయి కూడా. లోపల మాత్రం బ్లీచింగ్ బస్తాలు, పట్టుకొచ్చిన తోపుడు బళ్లు, పాత ఫ్లెక్సీలు.

మొన్న మే నెలలో మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన పోయాడు. రాత్రి పదకొండు దాటింది. కూతురు మస్కట్‌లో ఇళ్లల్లో పని చేస్తుంది, ఆ అమ్మాయికి టికెట్టు దొరికి వచ్చేదాకా శవాన్ని ఉంచాలి. బెజవాడలో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. కొడుకు సరాసరి మా సెక్రటరీ గారింటికి వచ్చాడు, "బాబాయ్, బాక్స్ కావాలి" అని. ఇక్కడ ఎవరింట్లో చావు జరిగినా ముందు వచ్చేది మా దగ్గరికే. రూపాయి తీసుకోం, తీసుకెళ్లే ట్రాలీ ఆటో ఖర్చు వాళ్లు పెట్టుకుంటే చాలు.

అందరం హాలు దగ్గరికి వెళ్లాం. కిటికీలోంచి సెల్ టార్చ్ వేస్తే బాక్స్ కనపడుతోంది. అద్దం మూత మీద బ్లీచింగ్ బస్తాలు పేర్చి ఉన్నాయి. వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తే తాళంచెవి వార్డు సచివాలయంలో ఇచ్చేశానన్నాడు. సచివాలయం అబ్బాయి ఇంజినీరు గారి దగ్గరుందన్నాడు. ఇంజినీరు గారు అంత రాత్రి కూడా ఫోన్ ఎత్తారు, ఆ మాట చెప్పాలి, ఎత్తి "పొద్దున పైవాళ్లని అడిగి చెప్తా" అన్నారు. చావింటికి పొద్దున అంటే ఎలా సార్? తాళం పగలగొడదాం అన్నారు కుర్రాళ్లు. ప్రభుత్వ ఆస్తి, కేసులవుతాయి అని మేమే ఆపాం. ప్రైవేటు బాక్సుల వాళ్లు అడ్వాన్స్ ఇస్తేనే బండి కదులుతుందన్నారు, రోజు కూలీ ఇంట్లో ఆ వేళప్పుడు అంత డబ్బు ఎక్కడుంటుంది? చివరికి ఐసు దిమ్మలు తెచ్చి, ఊక పోసి, గోనెపట్టాలు కప్పి తెల్లారేదాకా నెట్టుకొచ్చారు. కరిగిన నీళ్లు గుమ్మం దాటి మెట్ల మీదికి వస్తుంటే ఆయన భార్య పాత చీర ముక్కతో తుడుస్తూ, బకెట్లో పిండుతూ కూర్చుంది. ఏడుద్దామన్నా తీరిక లేదు ఆ తల్లికి. పొద్దున్నే మేం తలో కొంత వేసుకుని ప్రైవేటు బాక్స్ తెప్పించాం. మా బాక్స్ మటుకు నాలుగు వీధుల అవతల మీ బస్తాలు మోస్తూ ఉంది.

తర్వాత మీ ఆఫీసుకి వస్తే మాకు ఎదురైన మొదటి ప్రశ్న, బాక్స్ మీదే అనడానికి రుజువేంటి అని. బిల్లు చూపించాం. బిల్లు దాత పేరు మీద ఉంది, మీ సంఘం పేరు లేదు అన్నారు. దాతని తీసుకొచ్చాం. ఆయన ఇచ్చింది సంఘానికా, హాలుకా తేలాలి అన్నారు. బాక్స్ పక్కన పెద్ద అక్షరాలతో "మా అమ్మ జ్ఞాపకార్థం" అని రాసి ఉంది సార్. ఆ అమ్మ మీ శాఖకి ఏమవుతారో మాకు తెలియదు, తెలిస్తే చెప్పండి.

ఇక రక్తదాన శిబిరం. ఏటా వేసవిలో ఆ హాల్లోనే పెట్టేవాళ్లం, ఎందుకంటే అప్పుడే కరువు. కాలేజీలకు సెలవులు, కుర్రాళ్లు ఊళ్లకి పోతారు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకి మాత్రం సెలవులుండవు, రెండు వారాలకో నాలుగు వారాలకో రక్తం ఎక్కించాల్సిందే. చలికాలంలో తీసి దాచుకోవడానికి వీల్లేదు, మామూలు సంచిలో రక్తం 35 రోజులే నిలుస్తుంది, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఈసారి సెల్లార్‌లోనే పెడదామని బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మని పిలిచాం. ఆవిడ ఒక్కగానొక్క ట్యూబ్‌లైటు చూసింది, కుళాయి ఎక్కడ అని అడిగింది, వాచ్‌మన్ గది వెనక అన్నాం. పాపం మర్యాదగానే చెప్పింది, శిబిరానికి శుభ్రమైన చోటు, ఆగని కరెంటు, సరిపడా వెలుతురు, సిబ్బంది చేతులు కడుక్కునే ఏర్పాటు ఉండాలని రూల్సులోనే ఉంది, ఇక్కడ కుదరదండీ అని. ఆవిడ తప్పేం లేదు. అవన్నీ ఉన్న చోట మీరు ఫ్లెక్సీలు దాచారు.

బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగినప్పుడు, అదే 2024 సెప్టెంబరు మొదటి వారం, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతున్న రోజుల్లో, ఇదే హాలు మా వంటశాల. ఇక్కడ కట్టిన పులిహోర పొట్లాలు ఆటోల్లో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా, అక్కడ్నించి ట్రాక్టర్లలో పడవల్లో లోపలికి వెళ్లాయి. అప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందని ఎవరూ అడగలేదు. మీ సిబ్బంది కూడా అక్కడే నాలుగు ముద్దలు తిని మళ్లీ నీళ్లలోకి దిగారు, వాళ్లూ నిద్రలేకుండా పనిచేశారు, మేం చూశాం. పోలియో ఆదివారాలు బూత్ పెట్టింది ఆ వరండాలోనే, బల్లలు మావే. దసరా బందోబస్తుకొచ్చిన పోలీసులకి విడిది ఇచ్చిందీ ఆ హాలే. ఎప్పుడూ అడ్డు చెప్పలేదు మేం.

పోనీ ఎవరికీ తెరవట్లేదంటే అదో పద్ధతి. మధ్యలో ఒక ఆదివారం బస్తాలన్నీ ఒక మూలకి జరిగాయి, సీరియల్ లైట్లు వెలిగాయి, పుట్టినరోజు కేకు కోశారు, సోమవారం పొద్దున్నే బస్తాలు మళ్లీ యథాస్థానం. ఎవరి అబ్బాయి పుట్టినరోజో రాయను, పిల్లాడు చల్లగా ఉండాలి. ఆ రోజు తాళంచెవి ఏ పైవాళ్లని అడిగితే వచ్చిందో మాకూ చెప్పారంటే మేమూ వాళ్లనే అడుగుతాం.

ఏమిటి మీరు కోరేది అంటారేమో. ముందు మా సామాను మాకు ఇప్పించండి. తాళం తీయించండి. ఉచితం అంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందని ఎవరో అన్నారు, సరే, గురువారం మేం కూర్చునే ఆ కాసేపటి కరెంటు ఖర్చు కట్టుకుంటాం, కానీ పెళ్లికీ సీమంతానికీ తీసుకునే అద్దె, డిపాజిట్ మాకూ వేస్తే ఆ పది రూపాయల డబ్బాతో మావల్ల కాదు. హాలు ఊడుస్తాం, బల్బులు మారుస్తాం, ఇన్నేళ్లూ చేసింది అదే. ఫ్రీజర్ బాక్స్‌కి మాత్రం ఏ వేళకైనా తాళంచెవి దొరికే మనిషి ఒకరు ఉండాలి, ఎవరైనా ఫర్వాలేదు, ఫోన్ ఎత్తితే చాలు. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వం అని కాగితం మీద రాసి సంతకం పెట్టండి, అదైనా చేతిలో పట్టుకుని ఇంకో గది వెతుక్కుంటాం. పరిష్కరించబడినది అని మాత్రం మళ్లీ మెసేజ్ పంపొద్దు సార్, మా ట్రెజరర్ గారు మళ్లీ నమ్మి నడిచి వెళ్తారు, ఆయనకి మోకాళ్ల నొప్పులు.

ఈ గురువారం ఆరు గంటలకి ట్రాలీ ఆటో మాట్లాడుకుని హాలు ముందు ఉంటాం. తాళంచెవితో ఒక మనిషిని పంపించండి. రశీదు మీద ఎన్ని సంతకాలు కావాలన్నా పెడతాం, దాతని కూడా వెంటబెట్టుకు వస్తాం. బస్తాలు మేమే దించుకుంటాం, మీ వాళ్లు చెయ్యి వేయక్కర్లేదు.

ఇట్లు
గురువారం మీటింగ్ సభ్యుల తరఫున ఒక సభ్యుడు,
విజయవాడ