కొండ చీలికలో నీటి కాలువ

ప్రియమైన మిత్రుడికి,

ఏరా, ఎలా ఉన్నావు? జోర్డాన్‌లో వాదీ మూసా అనే ఊళ్ళో, హోటల్ గదిలో కూర్చుని రాస్తున్నాను. కాళ్ళు పీకేస్తున్నాయి, బూట్ల నిండా ఎర్ర ఇసుక. అయినా నిద్ర రావడం లేదు. పెట్రా చూశాను రా, రాతి కొండల్లోని ఆ ప్రాచీన నగరం! ఎనిమిదో తరగతిలో లైబ్రరీలో పాత పత్రిక తిరగేస్తూ, మూల చిరిగిన ఒక ఫొటో దగ్గర ఆగిపోయాం, గుర్తుందా? "ఇది కట్టింది కాదట, కొండనే చెక్కారట" అని నువ్వే చదివి వినిపించావు. అప్పటినుంచీ దాచుకున్న కోరిక ఇది.

పొద్దున ఆరింటికి గేటు తీసేసరికే అక్కడున్నాను. టికెట్ ఒక రోజుకి 50 దినార్లు, రెండు రోజులకి 55. ఆలోచించకుండా రెండు రోజులకే తీసుకున్నాను.

కొంత దూరం నడిచాక సిక్ మొదలవుతుంది. కొండ నిలువునా చీలి ఏర్పడిన సందు అది, 1.2 కిలోమీటర్ల పొడవు. కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లే. రెండు పక్కలా గోడలు ఎంత ఎత్తంటే, పైన ఆకాశం సన్నటి చారలా కనిపిస్తుంది. అందరూ గబగబా ముందుకు పోతున్నారు. నాకు మాత్రం అడుగు పడటం లేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది అంత త్వరగా అయిపోకూడదనిపించింది.

అలా నెమ్మదిగా నడవబట్టే కాలువ కంటపడింది. నడుమెత్తున, ఒక పక్క గోడ పొడవునా రాతిలో తొలిచిన కాలువ. రెండో పక్క గోడకి మట్టి గొట్టాలు. ఒక గొట్టం ముక్క ఇంకా గాడిలోనే అతుక్కుని ఉంది. వంగి చూస్తే రాతి మీద ఉలి గాట్లు ఏటవాలుగా, వరసగా కనిపించాయి. బయటి ఊటల నీళ్ళని, ఈ నగరాన్ని చెక్కిన నబాతియన్లు అనే అరబ్బు జాతివాళ్ళు రెండు వేల ఏళ్ళ కిందట ఇలా ఊళ్ళోకి తెచ్చుకున్నారు. సాంబ్రాణి వ్యాపారంతో బాగా గడించిన వాళ్ళే, కానీ ఈ ఎడారిలో నీళ్ళు లేకపోతే ఆ డబ్బు ఏం చేసుకుంటారు? ఇక వాన పడితే ఇదే సందు వరదతో నిండిపోతుంది. అందుకే మొదట్లోనే ఆనకట్ట వేసి, ఆ నీళ్ళని సొరంగంలోకి మళ్ళించారు. అది పాడైపోయాక, 1963లో ఒక్కసారిగా వచ్చిన వరదలో ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారు. ఆ తర్వాతే ఆనకట్ట మళ్ళీ కట్టారు. అది చదివాక ఆ గోడల మధ్య నడుస్తుంటే గుండె బరువెక్కింది.

ఇంకాస్త ముందుకెళ్తే ఒంటెల్ని నడిపిస్తున్న మనిషి శిల్పం. పైభాగమంతా అరిగిపోయింది. అతని పాదాలు, వస్త్రం అంచు, ఒంటె కాళ్ళు మిగిలాయి. ఆ పాదాలు భలే నచ్చాయి నాకు!

చివరి మలుపులో రెండు నల్లటి గోడల మధ్య గులాబీ రంగు పట్టీ కనిపించింది. స్తంభం, దాని పైన సగం విగ్రహం. అదే రా, కొండలో చెక్కిన ఆ కట్టడం, ఖజానా అంటారు దాన్ని! నలభై మీటర్ల ఎత్తు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారట. ఒక్క దెబ్బ తప్పినా దిద్దుకునే వీల్లేదు కదా! పైనున్న రాతి కలశంలో బంగారం ఉందనుకుని కాల్చిన తూటాల గుర్తులు ఇంకా ఉన్నాయి. అది లోపలంతా గట్టి రాయే.

1812లో స్విస్ యాత్రికుడు బుర్క్‌హార్ట్ పెట్రాని "కనుక్కున్నాడు" అంటారు చూడు, ఆ మాట నాకు నచ్చదు. ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చింది ఈ దారి తెలిసిన స్థానికుడే. ఎడారి సంచార జాతివాళ్ళైన బెదూయిన్లు ఈ గుహల్లో కాపురాలు చేశారు, వాళ్ళకిది ఎప్పుడు పోయిందని?

రేపు కొండ మీద ఇలాగే చెక్కిన ఇంకో కట్టడం, అద్ దైర్‌కి ఎక్కాలి, దాదాపు ఎనిమిది వందల మెట్లు. అంతకంటే ముందు సిక్‌లో రెండో పక్క గోడ పట్టుకుని, ఆ గొట్టాలు ఎక్కడిదాకా పోయాయో చూడాలి. ఫొటోలు ఇంటికొచ్చాక కూర్చుని చూద్దాం. లైటు తీసేస్తున్నాను, ఐదింటికి లేవాలి.

నీ స్నేహితుడు